మొదట వడ్డించిన గిన్నె

ఫాల్గుణ బహుళ పంచమి, బుధవారం

పూజ్యులైన మీకు,

మీ పాదాలకు తల ఆన్చి మాలన్ రాస్తున్నది. ఇక్కడ మామయ్య, అత్తయ్య, నేను, గేదెలు రెండూ బాగున్నాం. అక్కడ మీ ఒంట్లో ఏ నలతా లేకుండా ఉండాలని పొద్దునా సాయంత్రం దీపం పెట్టేటప్పుడు దండం పెట్టుకుంటున్నాను.

మీ ఉత్తరం పోయిన శుక్రవారం చేరింది. మామయ్య అరుగు మీద కూర్చుని పైకి చదివారు. అత్తయ్య తలుపు పక్కన, నేను తలుపు వెనక నిలబడి విన్నాం. తర్వాత దాన్ని దేవుడి గూట్లో పెట్టారు. వాళ్ళు పొలానికి వెళ్ళాక తీసి నాలుగుసార్లు చదివాను. నాలుగో తరగతి చదువు కదా, మొదటిసారి అక్షరాలు కూడబలుక్కోవడానికే సరిపోయింది. నేను మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. మామయ్య మోకాలి వాపు తగ్గింది. ఆముదం రాసి జిల్లేడు ఆకు కడుతున్నాం. మెట్లు దిగేటప్పుడు ఇంకా గోడ పట్టుకుంటున్నారు కానీ పట్టుకోలేదని అంటున్నారు. గేదె చంద్రి సోమవారం ఈనింది. పెయ్యదూడ. నుదుటి మీద రూపాయంత తెల్ల మచ్చ ఉంది. అత్తయ్య జున్ను చేసి మీ పేరు తలుచుకుని మొదటి ముక్క దేవుడి దగ్గర పెట్టారు. చెరుకు నరకడం అయిపోయింది. గానుగ దగ్గర మన వంతు మొన్ననే ముగిసింది. ఈసారి బెల్లం కాస్త నల్లగా వచ్చిందని మామయ్యకు దిగులు. మీరు వెళ్ళాక మన ఊరి తాలీంలో కుస్తీ నేర్చే పిల్లలు గోదాలో మట్టి తవ్వడమే మానేశారు. ఎర్రమట్టిలో పోయడానికి మజ్జిగ కావాలని మాత్రం రోజూ వచ్చి అడుగుతున్నారు. తాగడానికేనని అత్తయ్య అనుమానం.

మీరు రాసిన ఇంకొన్ని సంగతులు ఉన్నాయి. అక్కడ మీ గురువుగారి తాలీంకు వెళ్ళిన పది రోజులకే ఆకలి తిరిగొచ్చిందని రాశారు. పొద్దున సాము అయ్యాక పన్నెండు గుడ్లు తిని, చెంబు నిండా బాదం పాలు తాగినా పది గంటలకల్లా కడుపు మండిపోతోందని, మధ్యాహ్నం మాంసం ఎంత వేసినా చాలడం లేదని, చేతులు మళ్ళీ గట్టిపడుతున్నాయని రాశారు. మామయ్య ఆ ముక్క రెండుసార్లు చదివారు. అత్తయ్య కళ్ళు తుడుచుకున్నారు.

దాని కింద ఇంకోటి రాశారు. "నానా వస్తాదు అన్నారు, చూశావా, ఇల్లు వదిలితే ఆకలి ఎలా వచ్చిందో అని. ఆయన మాట నిజమే అనిపిస్తోంది. హనుమాన్ జయంతి నాడు తాలీంలో మారుతి ముందు లంగోటీ పెట్టి ప్రమాణం చేస్తాను. రెండేళ్ళు ఇంటి గడప తొక్కను. మాలన్ కావాలంటే అక్కడే ఉండనివ్వండి, లేదంటే పుట్టింటికి పంపండి. ఆ పిల్ల తప్పేం లేదు, పెళ్ళి అనేదే పహిల్వానుకు పడదు."

మామయ్య కాగితం దించి, "ఇంకా ఉంది" అన్నారు. ఆ తర్వాతి మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. "ఇంట్లో ఏం తిన్నావు అని నానా గుచ్చి గుచ్చి అడిగారు. నా భార్య తన చేత్తో వండి వడ్డించింది, దాంట్లో ఏ లోపమూ లేదని గుడిలో నిలబడి చెప్పగలను అన్నాను."

అక్కడ నా చదువు ఆగిపోతోంది. నాలుగుసార్లూ అక్కడే ఆగిపోయింది.

జాతర రోజు సంగతి మీకు తెలిసిందే అయినా నా వైపు నుంచి రాస్తాను. ఆడవాళ్ళం కుస్తీ మైదానానికి రాము కదా. నేను పెరట్లో బియ్యం ఏరుతూ హలగీ డప్పు వింటున్నాను. సాంగ్లీ కుర్రాడితో మీ కుస్తీ జోడీ చివరిదని, చివరి జోడీకి డప్పు తీరు మారుతుందని మీరే చెప్పారు. తీరు మారింది. చేటలో బియ్యం ఇటు నుంచి అటు జరిపే లోపలే ఆగిపోయింది. ఇంత తొందరగా అయిపోయిందంటే గెలిచేశారేమో అనుకున్నాను. ఆ తర్వాత ఈలలు మన ఊరి వైపు నుంచి కాక సాంగ్లీ వాళ్ళు దిగిన వైపు నుంచి వినిపించాయి.

మర్నాడు పొద్దున నానా వస్తాదుగారు మన ఇంటికి వచ్చారు. మీరు తల దించుకుని స్తంభానికి ఆనుకుని ఉన్నారు. నేను మజ్జిగ చెంబు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాను. ఆయన నా చెయ్యి చూశారు.

"ఈ పిల్లేనా?" అన్నారు.

"అవును నానా," అన్నారు అత్తయ్య.

"పెళ్ళిలో చూశాను. చీపురుపుల్లలా ఉండేది." మజ్జిగ ముట్టుకోలేదు ఆయన. "వైశాఖంలో మీ అబ్బాయి బాపూ తొంభై రెండు కిలోలు. నిన్న గోదాలో దిగే ముందు తూస్తే ఎనభై మూడు. తొమ్మిది కిలోలు ఎటు పోయాయో నన్నడగకండి వదినా. నా నోటితో చెప్పించకండి."

మామయ్య చుట్ట వెలిగించబోయి అగ్గిపుల్ల పారేశారు. అత్తయ్య తల మీద కొంగు ఇంకా కిందికి లాక్కున్నారు. నేను తలుపు వెనక్కి వెళ్ళాను. గోడలోకి వెళ్ళే దారి ఉంటే వెళ్ళిపోయేదాన్ని. ఆయన ఏమన్నారో నాకు అర్థమైంది. అందరికీ అర్థమైంది. మీరు నా వైపు చూడలేదు. ఆ రోజే ఆయనతో బయలుదేరి వెళ్ళిపోయారు.

అప్పటి నుంచి ఊళ్ళో నాకు పేరు పడింది. నీళ్ళ పంపు దగ్గర ద్వారకక్క సంగతి మీకు తెలుసు, ఆవిడ మాటకు ముందూ వెనకా ఉండదు.

"ఏమే మాలన్, మీ ఇంట్లో గోదాలోకి దిగేది ఎవరే? మొగుడు చిక్కిపోయాడు, పెళ్ళాం పహిల్వాను అయింది."

"ఊరుకో అక్కా," అన్నాను.

"ఊరుకోవడానికేం, రవిక చేతులు రెండుసార్లు విప్పించి కుట్టించావంట కదా. దర్జీ చెప్పాడు. పైఏడు జాతరకు సాంగ్లీ వాడి మీదకు నిన్ను దింపుదాం. లంగోటీ నేను కుట్టిస్తా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బిందె ఎత్తుకోవడానికి వంగినప్పుడు చూస్తే నిజంగానే నా చెయ్యి నిండుగా ఉంది. కొంగు తీసి కప్పుకున్నాను.

ఇంకో సంగతి. మీరున్నప్పుడే, మార్గశిరంలో, అత్తయ్య ఒకరోజు నా ముఖం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూశారు. "బుగ్గలు నిండాయి. నెల తప్పావేమిటే?" అని మెల్లగా అడిగారు. కాదని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. సిగ్గుపడి చెప్పడం లేదనుకుని ఆ నెలంతా నన్ను బరువు ఎత్తనివ్వలేదు. నీళ్ళు ఆవిడే మోశారు. ఎదురుచూసి ఎదురుచూసి చివరికి అడగడం మానేశారు. కోడలి కడుపు ఎందుకు నిండుగా ఉందో ఆవిడకు తెలియదు. నాకు తెలుసు.

ఇక్కడితో ముగించి, ఇట్లు అని రాసి పంపేద్దామనుకుంటున్నాను.

శనివారం

బుధవారం రాసింది మూడు రోజులు గోధుమ డబ్బాలో దాచాను. అత్తయ్య పొలం వెళ్ళారు. పొయ్యి ముందు కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడు రాయకపోతే మరి రాయలేను.

నాకు ఆకలి ఎక్కువ. ఆడదానికి ఈ మాట రాయడానికి ఎంత సిగ్గుగా ఉందో మీకు ఎలా చెప్పను. మా నాన్న రాళ్ళ గనిలో పని చేసేవాడు. మా ఇంట్లో మాంసం పండక్కి తప్ప లేదు. కానీ పొయ్యి మీద పెద్ద కుండలో ఎప్పుడూ ఉసళ్ కూర ఉండేది. మొలకెత్తిన మటకీ గింజలో, శనగలో, ఏది చవగ్గా దొరికితే అది. ఆకలేసిన వాళ్ళు వెళ్ళి తోడుకునేవాళ్ళం. ఎంత తిన్నారని ఎవరూ చూసేవారు కాదు. మా అమ్మ నన్ను "ఇది తొట్టి, నిండదు" అనేది. నవ్వుతూనే అనేది.

మన ఇంట్లో ఖురాకు, కండ పెట్టే తిండి అంతా మీది. అది సరైన సంగతే. పెద్ద పహిల్వాను ఉన్న ఇల్లు అలాగే ఉండాలి. మూతపెట్టిన ఇత్తడి గిన్నె ఇంకెవరూ ముట్టరు, మామయ్య కూడా ముట్టరు. రోజుకు ఎనిమిది గుడ్లు, బుధవారం ఆదివారం మేకమాంసం, పొద్దున గేదె పొదుగు కిందే చెంబు నింపుకుని తాగే పాలు, సాయంత్రం బాదం నూరిన పాలు. మిగిలినవాళ్ళకు జొన్నరొట్టె, పల్లీల కారం, బుధవారం ఆదివారం అయితే కాస్త పులుసు. కొత్తకోడల్ని. గడ్డి కోసి, నీళ్ళు మోసి, పేడ ఎత్తి, బాదం నూరి వచ్చి కూర్చుంటే అత్తయ్య ఒకటిన్నర రొట్టె తిని చెయ్యి కడుక్కునేవారు. ఆవిడ లేచాక నేను ఇంకా కూర్చుని తినడం ఎలా? నేనూ ఒకటిన్నర తిని లేచేదాన్ని. ఆవిడ ఎన్నడూ నన్ను వద్దనలేదు. అది మీకు స్పష్టంగా రాయాలి. వద్దనలేదు, నేనే అడగలేదు.

గణపతి పండుగ వెళ్ళిన ఆదివారం మీకు గుర్తుందో లేదో. మీరు తాలీం నుంచి వస్తూ దారిలో ద్వారకక్క ఇంట్లో పిల్లాడి పేరు పెట్టే వేడుకకు ఆగారు. అక్కడ ఉసళ్ పెట్టారు. ఇంటికి వచ్చి మాంసం ముందు కూర్చుని నాలుగు ముక్కలు తిని పళ్ళెం నెట్టేశారు.

"ఇంక దిగదే. నువ్వు తినెయ్యి," అన్నారు.

"అత్తయ్యకు పెడతాను," అన్నాను.

"అమ్మ ఆదివారం తినదు. నువ్వే తిను. చూడు, ఎలా ఉన్నావో, గాలేస్తే పక్క ఊళ్ళో తేలేట్టున్నావు."

మీరే ఇచ్చారు. ఆ మొదటిసారి తిన్నది మీరు చేత్తో ఇచ్చింది. పొయ్యి పక్కన కూర్చుని ఎముక కూడా వదలకుండా తిన్నాను. ఆ రోజు సాయంత్రం గడ్డి మోపు ఎత్తితే తేలిగ్గా అనిపించింది. పడుకున్నాక ఆకలి గుర్తు రాలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి.

మర్నాడు నేను మటకీలు నానబోశాను.

అదే నా తప్పు. ఎవరూ చెప్పలేదు, నాకు నేనే కనిపెట్టాను. వంట చేసేవాళ్ళకు ఇవన్నీ తెలుస్తాయి. పాలు తాగితే గంటలో మీకు మళ్ళీ ఆకలి వేసేది. గుడ్లు తింటే మధ్యాహ్నం దాకా ఆగేవారు. మాంసం తిన్నా మరో రెండు ముక్కలకు చోటు ఉండేది. కానీ మటకీలు, శనగలు తింటే కడుపులో రాయి పడ్డట్టు ఉండి, సాయంత్రం వరకూ దేనికీ చెయ్యి చాచేవారు కాదు. వాటిలో బలం లేదని కాదు. మా నాన్న వాటి మీదే సమ్మెట ఎత్తాడు. కానీ అంత కండ రావాలంటే అన్ని గింజలు తినాలి, అన్ని తింటే ఇక వేరేదానికి చోటు మిగలదు. గుడ్డు చూడ్డానికి చిన్నదే, కానీ అందులో ఉన్న బలానికి గిన్నెడు మటకీలు తినాలి. ఇది నాకు ఎవరో చదివి చెప్పింది కాదు. అటు మీ ఒళ్ళు, ఇటు నా ఒళ్ళు చూసి తెలుసుకున్నది.

అందుకే రోజూ మొదట గిన్నె నిండా ఉసళ్ పెట్టాను. ఉల్లిపాయ సన్నగా తరిగి, కొబ్బరి వేయించి, మీకు ఇష్టమైన కారం వేసి. మీరు మెచ్చుకున్నారు. "నీ చేతి ఉసళ్ ఉండగా మేకను చంపడం ఎందుకే, పాపం," అన్నారు ఒకసారి. గుడ్లు నాలుగు తిని మిగతా నాలుగు నా వైపు తోసి, "ఇవి కోడికి తిరిగి ఇచ్చెయ్, పొదుగుతుంది" అని నవ్వారు. నేనూ నవ్వాను. మీరు తాలీంకు వెళ్ళగానే ఆ నాలుగూ గడ్డివాము వెనక నిలబడి తిన్నాను. ఒక్కోరోజు ఉప్పు కూడా లేకుండా.

మీరు తినలేక వదిలేసిందే తిన్నాను, దొంగిలించలేదని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కానీ మీరు వదిలేసేలా చేసింది నేనే. దాన్ని దొంగతనం అనకపోతే ఇంకేమనాలి? దొంగ తలుపు తీస్తాడు. నేను మీ ఆకలికి తలుపు వేశాను.

మీరు చిక్కిపోవడం నేను చూశాను. ఇది కూడా రాస్తున్నాను. కార్తీకంలో మీకు నూనె రాస్తుంటే భుజం దగ్గర ఎముక చేతికి తగిలింది. ఇదివరకు అక్కడ ఎముక ఉందనే తెలిసేది కాదు. "తాలీం ఎక్కువైంది, కరిగిపోయాను" అన్నారు మీరు. నాకు తెలిసింది, తాలీం వల్ల కాదని. చెయ్యి అక్కడే ఆగింది. మర్నాడు పొద్దున మళ్ళీ మటకీలు నానబోశాను. ఎందుకంటే ఆపితే మీరు మొత్తం తినేస్తారు, నాకు మిగలదు. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు. ఉంటే రాసేదాన్ని.

పాలు మాత్రం నేను ఎన్నడూ ముట్టలేదు.

పై మాట అబద్ధం. కొట్టేయాలనిపించింది కానీ ఉంచేస్తున్నాను. సాయంత్రం బాదం పాలు మీరు వదిలేసినప్పుడు మూడుసార్లు తాగాను. నాలుగోసారి పిల్లికి పోశాను, అప్పటికి నాకే అసహ్యం వేసింది.

ఇప్పుడు అక్కడ మీకు ఆకలి తిరిగి వచ్చిందంటే నాకు దూరంగా ఉన్నందుకు కాదు. అక్కడ ఎవరూ మొదట గిన్నె పెట్టడం లేదు. అంతే. నానా వస్తాదుగారు పెద్దవారు, ఎంతోమందిని తయారుచేశారు. పహిల్వాను చిక్కిపోతే ఆయన పెళ్ళి వైపు చూశారు, తాలీం వైపు చూశారు, దిష్టి వైపు కూడా చూశారు. వంటింటి వైపు ఎవరూ చూడలేదు. భార్య పెట్టిన తిండిని అనుమానించే మగవాడు ఎవరుంటారు?

ఆదివారం

నిన్న ఉత్తరం ఇక్కడిదాకా రాసి పోస్టుకు పంపుదామనుకున్నాను. కానీ అత్తయ్యకు తెలియకుండా పంపితే అది మళ్ళీ గడ్డివాము వెనక తిన్నట్టే అనిపించింది. ఈ పొద్దున ఆవిడ రొట్టెలు తడుతుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. ఎలా చెప్పానో గుర్తు లేదు. మొత్తం నేల వైపు చూస్తూ చెప్పాను.

ఆవిడ చేతులు ఆగలేదు. పెనం మీద రొట్టె తిప్పి, మళ్ళీ పిండి తీసుకున్నారు.

"ఎన్నాళ్ళు?"

"గణపతి వెళ్ళినప్పటి నుంచి జాతర దాకా."

"ఐదు నెలలు." ఆవిడ పిండి మీద నీళ్ళు చల్లారు. "నా బాపూ కూడు."

నేను పొయ్యిలోకి పుల్ల తోశాను.

"అంత ఆకలేసిందా?"

"వేసింది అత్తయ్యా."

"నోరు లేదా? అడిగితే కొట్టేదాన్నా?"

"కొట్టేవారు కాదు. మీరు ఒకటిన్నరే తింటారు కదా, అందుకని..."

అప్పుడు ఆవిడ చేతులు ఆగాయి. చాలాసేపు పెనం వైపు చూశారు. రొట్టె మాడింది. ఈ ఇంట్లో ఆవిడ చేతిలో రొట్టె మాడడం నేను చూడలేదు.

"నాకు పళ్ళు లేవే," అన్నారు. "ఒకటిన్నర కంటే నమలలేను."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు రాలేదు. కాసేపు అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుని, గొంతు తగ్గించి మాట్లాడారు. "విను. ఈ సంగతి బాపూకు రాయకు."

"రాశాను అత్తయ్యా. పంపలేదు."

"చింపెయ్. పెళ్ళి చేసుకుని పహిల్వాను చిక్కాడంటే ఊరు నాలుగు రోజులు నవ్వుతుంది, మర్చిపోతుంది. ప్రతి ఇంట్లో ఉన్నదే. ఇది బయటపడితే ఏమంటారు? ఆ ఇంట్లో కోడలికి కడుపు నిండా పెట్టలేదంట, అది మొగుడి కూడు కాజేసి తిందంట అంటారు. నీకూ పరువు పోతుంది, నాకూ పోతుంది. జాతర అయ్యాక గుడి దగ్గర ఆడవాళ్ళందరి ముందూ నా నోటితోనే చెప్పాను, నా కోడలు నా కొడుకును పీల్చేసిందని. ఇప్పుడు వాళ్ళ ముఖాలు ఎలా చూడను?"

"మరి ఆయన రెండేళ్ళు రానంటున్నారు కదా."

"రెండేళ్ళు ఎంతలో పోతాయి. వచ్చేస్తాడు."

ఆవిడ అక్కడితో ఆపి కారం నూరడానికి వెళ్ళిపోయారు. ఆవిడ చెడ్డవారు కాదు. నా మీద పడ్డ నింద ఆవిడకు తేలిక, ఈ నిజం ఆవిడకు బరువు. నాకూ అంతే. రెండింట్లో ఏది సిగ్గు తక్కువో అని నేనూ చాలా ఆలోచించాను. మొదటిదే తక్కువ. మొగుడి బలం పీల్చిందని అంటే ఆడవాళ్ళు చాటుగా ముసిముసిగా నవ్వుకుంటారు, అందులో కాస్త అసూయ కూడా ఉంటుంది. తిండి కోసం మొగుడి ఒళ్ళు కరిగించిందంటే ఎవరూ నవ్వరు.

అయినా పంపుతున్నాను. ఆవిడ మాట మొదటిసారి కాదంటున్నాను. మీరు మారుతి ముందు నిలబడి చేసే ప్రమాణం నిజం మీద నిలబడాలి. కోపంతో రెండేళ్ళు రాకపోతే అది నాకు తగిన శిక్షే, ఒప్పుకుంటాను. పుట్టింటికి పొమ్మంటే వెళ్తాను. కానీ పెళ్ళి పడలేదని మాత్రం రాకుండా ఉండకండి. మీలో ఏదో లోపం ఉందని, మీ ఒళ్ళే మిమ్మల్ని మోసం చేసిందని అనుకుంటూ గోదాలోకి దిగకండి. సాంగ్లీ కుర్రాడు మీ నడుం పట్టుకున్నప్పుడు మీకు ఏం అనిపించి ఉంటుందో నేను ప్రతిరోజూ ఊహించుకుంటాను. ఊళ్ళో నాది కాని సిగ్గు నేను మోస్తున్నాను. మీది కాని సిగ్గు మీరు మోస్తున్నారు.

నానా వస్తాదుగారికి చెప్పండి. మీకు చెప్పడానికి నోరు రాకపోతే ఈ ఉత్తరమే ఆయన చేతికి ఇవ్వండి. ఆయన ముందు మజ్జిగ చెంబు పెట్టడానికి కూడా భయపడిన దాన్ని, అయినా ఆయన ఇది చదవాలి. ఆయన దగ్గర ఇంకా పెళ్ళైన పిల్లలు ఉన్నారు. వాళ్ళెవరైనా చిక్కిపోతే ముందు పళ్ళెం చూడమని చెప్పండి. ఎవరు పెట్టారో, మొదట ఏం పెట్టారో. ఆ తర్వాత, వాళ్ళ ఇళ్ళలో పెట్టేవాళ్ళు ఏం తింటున్నారో కూడా చూడమనండి. ఇది నేను చెప్పాల్సిన మాట కాదు. రాసేశాను, కొట్టేయను.

మీరు తిన్న ప్రతి గిన్నె నా చేతి వంటే. దాంట్లో లోపం ఉంది. గుడిలో నిలబడి చెప్పకండి.

ఉత్తరం మూసే ముందు ఒకటి. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. అత్తయ్య పొద్దుటి నుంచి నాతో మాట్లాడలేదు. ఒకటిన్నర తిని చెయ్యి కడుక్కోవడానికి లేచారు. నేనూ లేవబోయాను. కాళ్ళు అలవాటుగానే లేచాయి. మళ్ళీ కూర్చున్నాను. ఆవిడ చెంబు ఎత్తబోతుండగా, "అత్తయ్యా, ఇంకో రొట్టె కావాలి," అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూశారు. చెంబు కింద పెట్టి, పొయ్యి దగ్గరికి వచ్చి, రెండు వేశారు.

ఇట్లు,
మీ నమ్మకానికి తగని,
మీ భార్య
మాలన్